కాశీ చెంబుతో రామేశ్వరానికి: నా అనుభవం

మా దేవుడి గూట్లో పదమూడేళ్లుగా ఒక రాగి చెంబు ఉండేది. గుప్పిట్లో పట్టేంత చిన్నది. మూతికి తగరంతో అతుకు వేసి ఉంటుంది. 2012 కార్తీకమాసంలో అమ్మానాన్నలు కాశీ వెళ్లినప్పుడు తెచ్చిన గంగ అది. చుట్టాలకు పంచినవి పంచి, సమారాధన రోజు తెరిచినవి తెరిచి, ఈ ఒక్కదాన్ని మాత్రం నాన్న పక్కన పెట్టారు. "ఇది రామేశ్వరానిది, ఎవరూ ముట్టుకోకండి" అన్నారు. కాశీ గంగ రామేశ్వరంలో శివుడి మీద పడితేగానీ కాశీయాత్ర పూర్తికాదని మావైపు పెద్దలందరి మాట. వచ్చే ఏడు వెళ్దాం, పంట డబ్బులు చేతికొచ్చాక వెళ్దాం అనుకుంటూనే 2019లో నాన్న కన్నుమూశారు.

అప్పటి నుంచి ఆ చెంబును అమ్మే కనిపెట్టుకుని ఉంది. పండగ వస్తుందంటే పూజసామాను అంతా చింతపండుతో తోమేది. అన్నీ అయ్యాక ఆ చెంబును చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడగానే మళ్లీ గూట్లో పెట్టేసేది. తీసుకెళ్లమని నన్ను ఒక్కసారీ అడగలేదు. మొన్న 2025 ఉగాది రోజున మాత్రం, "ఒరేయ్, నా మోకాళ్లు ఇంకెన్నాళ్లో ఆగవు" అంది. ఆ మాట విన్నాక ఇంక వాయిదా వెయ్యబుద్ధి కాలేదు.

సరిగ్గా అదే సమయానికి దారి కూడా తెరుచుకుంది. రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా వెళ్లే పాంబన్ పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. అప్పటి నుంచి రామేశ్వరం వెళ్లేవాళ్లు సముద్రానికి ఇవతలే దిగి బస్సో ఆటోనో చూసుకోవాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజున కొత్త వంతెన మొదలైంది. డెబ్బై దాటిన మనిషిని రైల్లోనే గుడి ఊరిదాకా తీసుకెళ్లొచ్చనేసరికి నాకు సగం టెన్షన్ పోయింది. తొలి ఏకాదశి వెళ్లిన మర్నాడు తెనాలిలో బయల్దేరాం. అమ్మ, పిన్ని, నేను. చెన్నైలో రైలు మారి, రాత్రంతా ప్రయాణం.

బయల్దేరే ముందు మా పురోహితుడు గారిని అడిగితే ఒక మాట చెప్పారు. అసలు పద్ధతి ప్రకారం ముందు రామేశ్వరం వెళ్లి, సేతువు దగ్గర ఇసుక తీసుకుని, దాన్ని ప్రయాగలో త్రివేణీ సంగమంలో కలిపి, కాశీ చూసుకుని, గంగ తెచ్చి మళ్లీ రామేశ్వరంలో అభిషేకం చేయించాలట. రామేశ్వరంలో సేతుమాధవుడు, ప్రయాగలో వేణీమాధవుడు, కాశీలో బిందుమాధవుడు. "మీ నాన్నగారు మధ్యలోంచి మొదలుపెట్టారు. ఫర్వాలేదు, గంగ ఇచ్చి రండి. ఇసుక మాత్రం మర్చిపోకండి" అన్నారు. అప్పుడు ఆ ఇసుక మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

రామనాథపురం దాటేసరికి తెల్లారింది. నేల తెల్లబడింది. ఎటు చూసినా సర్కారు తుమ్మ, మధ్యమధ్యలో తాటిచెట్లు. మండపం దాటగానే పెట్టెలో ఉన్నవాళ్లంతా కిటికీల దగ్గరికి చేరారు. కింద నేల ఆగిపోయి నీళ్లు మొదలయ్యాయి. పక్కనే 1914లో తెరిచిన పాత వంతెన కనపడుతోంది. ఓడ వస్తే దాని నడిమి భాగం రెండు రెక్కలుగా పైకి లేచేది, ఆ రెక్కల్ని మనుషులే చేత్తో తిప్పి ఎత్తేవారు. కొత్తదానిలో 72.5 మీటర్ల పొడవున్న నడిమి భాగం మొత్తం లిఫ్టులాగా నిటారుగా పైకి లేస్తుంది. ఇదంతా నేను పిన్నికి చెబుతుంటే, అమ్మ సంచిలోంచి చెంబు తీసి ఒళ్లో పెట్టుకుంది. వంతెన దాటేదాకా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

స్టేషన్ బయట అడుగుపెట్టగానే తెలుగులో పిలుపులు మొదలయ్యాయి. ఊళ్లో చాలాచోట్ల బోర్డులూ తెలుగులో ఉన్నాయి, అన్నం దొరకదనే బెంగ అక్కర్లేదు. ఒకతను మా వెంట సత్రందాకా వచ్చి, 22 బావుల స్నానం, దర్శనం, గంగాభిషేకం అన్నీ కలిపి మనిషికి ఇంత అని పెద్ద మొత్తం చెప్పాడు. పెద్దావిడ ఉంది కదా, క్యూలో నిలబడలేదు అన్నాడు. నేను దాదాపు ఒప్పుకున్నాను. పిన్ని ఆపింది. తర్వాత గుడి కౌంటర్లో అడిగితే బావుల స్నానానికి టికెట్టు మనిషికి 25 రూపాయలే. అందుకే వెళ్లేవాళ్లందరికీ చెబుతున్నాను: ఏ టికెట్టయినా గుడి కౌంటర్లోనే అడిగి తీసుకోండి. పుణ్యానికొచ్చిన పెద్దవాళ్ల తొందరను చూసి బేరం పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేసింది.

ఆ రోజు అమ్మను విశ్రాంతి తీసుకోనిచ్చి, మర్నాడు తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనంతో మొదలుపెట్టాం. ఇది పొద్దున అయిదు గంటల వేళ కాసేపే ఉంటుంది. వెనక దీపం వెలుగుతుంటే ఆ లింగం లోపలి నుంచి కాంతి బయటికి వస్తున్నట్టు ఉంది. దీన్ని ముందే చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ తర్వాత పనంతా తడిబట్టలతోనే.

గుడి తూర్పు గోపురం ఎదురుగా కొద్ది అడుగుల్లో సముద్రం. దాన్నే అగ్నితీర్థం అంటారు. మనవైపు సూర్యలంకలోనో మంగినపూడిలోనో చూసే సముద్రంలా కాదు, ఆ రోజు అల అన్నదే లేదు. చెరువులో దిగినట్టు మెట్లు దిగి, అమ్మ చెయ్యి పట్టుకుని మునిగించాను. తర్వాత ఒడ్డున కూర్చుని నాన్నకు తర్పణం వదిలాను. చెప్పించినాయన తెలుగు బాగానే మాట్లాడారు. నాన్న పేరు, తాతయ్య పేరు, ముత్తాత పేరు చెప్పి నీళ్లు వదులుతుంటే గొంతు పట్టేసింది. ఇక్కడ నన్ను కలవరపెట్టింది ఒకటే. స్నానం చేసినవాళ్లు పాతబట్టల్ని అక్కడే నీళ్లలో వదిలేస్తున్నారు. కాళ్లకు చీరలు చుట్టుకుంటున్నాయి. దోషం పోవాలని వదిలే బట్ట ఆ తీర్థానికే దోషమవుతోంది. దయచేసి మీ బట్టలు మీరు వెనక్కి తెచ్చుకోండి.

తడిబట్టలతోనే గుడిలోకి వెళ్లాం. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి సత్రంలోనే వదిలేశాం. చెంబు, పొడిబట్టలు ఉన్న సంచి మాత్రం నా భుజాన. మొదటిది మహాలక్ష్మీ తీర్థం. తర్వాత సావిత్రి, గాయత్రి, సరస్వతి. అలా ఒకదాని తర్వాత ఒకటి 22. బావి గట్టు మీద ఒక మనిషి నిలబడి ఉంటాడు. చేతిలో తాడు కట్టిన చిన్న బకెట్టు. దాన్ని నీళ్లలోకి వదిలి మణికట్టు ఒక్కసారి తిప్పుతాడు, అది బోర్లా పడి నిండుతుంది. రెండు గుంజుల్లో పైకి వచ్చేస్తుంది. కింద నిలబడ్డవాళ్ల తలల మీద వరసగా పోసుకుంటూ పోతాడు. అమ్మ వంతు వచ్చినప్పుడు ఒకతను బకెట్టును కాస్త కిందికి దించి, "అమ్మా, మెల్లిగా" అంటూ రెండు విడతలుగా పోశాడు. ఆ రోజు ఎన్ని వందల తలల మీద పోశాడో, అయినా ఒక పెద్దావిడ వణుకును గమనించాడు.

నలుడు, నీలుడు, గవయుడు, గవాక్షుడు. వారధి కథలో విన్న వానరవీరుల పేర్లన్నీ అక్కడ బావులకు ఉన్నాయి. శంఖం, చక్రం, సూర్యుడు, చంద్రుడు. ఆ తర్వాత గంగ, యమున, గయ. గయ తీర్థం దగ్గర పిన్ని, "చూడక్కా, గయ కూడా ఇక్కడే ఉంది" అంది. అమ్మ ఆగి, రెండోసారి కూడా నీళ్లు పొయ్యమని అడిగింది.

రాతినేల అంతా తడిసి జారుడుగా ఉంటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు చెయ్యి అస్సలు వదలకండి. ఒకచోట మెట్టు దగ్గర అమ్మ కాలు జారింది, నేనూ పిన్నీ చెరోవైపు ఉండబట్టి సరిపోయింది. తొందరపెట్టే గుంపులను ముందుకు పోనిచ్చి మేం వెనకే నడిచాం. మొత్తం గంటన్నర పట్టింది. చివరిది కోటితీర్థం. ఆ నీళ్లు అందరూ సీసాల్లో ఇంటికి తెచ్చుకుంటారు. దోసిలి పట్టి తాగితే తియ్యగా ఉన్నాయి. అప్పుడే సముద్రంలో మునిగి వచ్చానేమో, పెదాల మీది ఉప్పు ఇంకా పోలేదు. ఆ ఉప్పు మీదే ఈ తీపి తగిలింది.

తడిబట్టలతో గర్భగుడి వైపు వెళ్లనివ్వరు. బట్టలు మార్చుకుని, వెలుపలి ప్రాకారంలో ఒక పక్కన అమ్మను కూర్చోబెట్టాను. ఆ నడవా గురించి ఎంత విన్నా చూస్తే వేరు. 1212 స్తంభాలు. రామనాథపురాన్ని ఏలిన సేతుపతి రాజులు 18వ శతాబ్దంలో దీన్ని పూర్తిచేశారు. ఒక చివర నిలబడితే రెండో చివర ఉన్న మనిషి చిన్న చుక్కలా కనపడతాడు. రాయి దొరకని ఇసుక దీవి ఇది. ఇంత రాయినీ సముద్రం దాటించి తెచ్చారన్న ఆలోచన రాగానే ఆ స్తంభాన్ని ఊరికే తడిమాను.

ఇక్కడ రెండు లింగాలు. రావణవధ తర్వాత శివపూజ చెయ్యాలని రాముడు హనుమంతుణ్ణి కైలాసానికి పంపాడు. ఆయన వచ్చేలోపు ముహూర్తం దాటిపోతుందని సీతమ్మ ఇసుకతో లింగం చేసింది. అదే రామలింగం. తన శ్రమ వృథా అయిందని హనుమంతుడు బాధపడితే, ఆయన తెచ్చిన లింగానికే మొదటి పూజ జరగాలని రాముడు నియమం పెట్టాడు. ఇప్పటికీ ముందు విశ్వలింగానికే పూజ. ఆలస్యంగా వచ్చినవాడి కష్టానికి ఇంత మర్యాద దక్కిన చోటు ఇంకోటి నాకు తెలియదు. ఆ మాటే అమ్మతో అన్నాను. "అందుకేరా, మనం ఆలస్యమైనా ఏమీ అనుకోడు" అంది.

గంగాభిషేకం టికెట్టు తీసుకుని లైన్లో నిలబడ్డాం. ఇక్కడ పూజ చేసే అర్చకులు తరతరాల కిందట మహారాష్ట్ర నుంచి వచ్చి స్థిరపడ్డవారు, శృంగేరి పీఠం నుంచి దీక్ష తీసుకుంటారు. మా వంతు వచ్చాక చెంబు అందించాను. ఆయన ఒకసారి తిప్పి చూసి, "ఎన్నాళ్లది?" అని హిందీలో అడిగారు. "పదమూడేళ్లు" అన్నాను. మొనదేలిన ఇనుపముక్కతో అతుకును ఒక పక్కన పొడిచి, చుట్టూ తిప్పి లేపారు. తగరం రేకు ఊడి వచ్చింది. లోపలికి వెళ్లారు. గర్భగుడి చీకట్లో దీపాల వెలుగు తప్ప ఇంకేమీ లేదు. ఆ వెలుగులో సన్నటి ధార ఒక్కటి మెరిసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నాన్న అన్నేళ్లు చెప్పుకున్నది, అమ్మ అన్నేళ్లు కాపాడింది, ఆ సన్నటి ధారే.

అమ్మ ముందున్న మనుషుల మధ్య నుంచి సరిగ్గా చూడలేకపోయింది. "పోశారా?" అంది. "పోశారమ్మా" అన్నాను. ఖాళీ చెంబు తిరిగి చేతికొచ్చాక, పర్వతవర్ధిని అమ్మవారి సన్నిధి వైపు నడుస్తూ, అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. అప్పుడు ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో అలా ఏడవలేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ధనుష్కోటికి ఆటో మాట్లాడుకున్నాం. దారిలో కోదండరామాలయం, విభీషణుడికి రాముడు పట్టాభిషేకం చేసిన చోటని చెబుతారు. 1964 తుఫానులో చుట్టూ అంతా పోయినా ఈ గుడి నిలబడింది. అది దాటాక రోడ్డుకు రెండు పక్కలా సముద్రమే. ఒకవైపు బంగాళాఖాతం నిశ్చలంగా, రెండోవైపు మన్నారు సింధుశాఖ అలలతో ఎగిరెగిరి పడుతూ. ఇక్కడివాళ్లు ఒకదాన్ని ఆడ సముద్రమనీ, రెండోదాన్ని మగ సముద్రమనీ అంటారు.

ధనుష్కోటి ఒకప్పుడు పెద్ద ఊరు. మద్రాసు నుంచి బోట్ మెయిల్ ఇక్కడిదాకా వచ్చేది, రైలు దిగి స్టీమరు ఎక్కితే తలైమన్నారు, అక్కణ్ణుంచి కొలంబోకు మళ్లీ రైలు. 1964 డిసెంబరు 22 రాత్రి ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలును అందులో ఉన్న నూరుమందికి పైగా మనుషులతో సహా సముద్రం తీసుకుపోయింది. తర్వాత ప్రభుత్వం ఈ ఊరు మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రకటించింది. ఇప్పుడు మిగిలింది చర్చి గోడలు, రైల్వేస్టేషన్ మొండిగోడలు, నీళ్ల ట్యాంకు దిమ్మెలు. గోడల్లో పగడపు రాళ్లు కనపడుతున్నాయి, ముట్టుకుంటే చేతికి గరుకుగా తగులుతాయి.

జనం ఆ గోడల ముందు ఫొటోలు దిగుతున్నారు. అమ్మ మాత్రం చర్చి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. అమ్మ పుట్టిల్లు రేపల్లె అవతల, సముద్రానికి దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు తను అక్కడే ఉంది. ఆ రాత్రి సంగతి మాకు ఎప్పుడో ముక్కలుముక్కలుగా చెప్పింది, అంతే. ఇక్కడ తనంతట తానే చెప్పింది. తాతయ్య గేదెల పలుపులు కొడవలితో తెంపి వదిలేశారట. ఊరి బడి డాబా మీద రాత్రంతా ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారట. తెల్లారాక ఒక్క గేదె మాత్రం ఈదుకుంటూ వచ్చి ఆ బడి గోడకే ఆనుకుని నిలబడిందట. "వీళ్లకి ఎక్కడానికి డాబా కూడా లేదు" అంది చర్చి గోడ కేసి చూస్తూ. ధనుష్కోటి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడండి. అది శ్మశానం కూడా.

అక్కడే గుడిసెల్లో కొద్దిమంది జాలర్లు ఉంటున్నారు. ఒకావిడ ఇసుకలో మోకాలి లోతు గుంటలోంచి గిన్నెతో నీళ్లు తోడి బిందెలో పోసుకుంటోంది. రెండు పక్కలా సముద్రం, మధ్యలో మంచినీళ్లు! ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దానిమీద పొరలా తేలుతుంది. పైపైన తవ్వితే తీపి, ఆశపడి లోతుకు పోతే ఉప్పు. నేను ఇది వివరించబోతే అమ్మ, "ఇవి మన దొరువులేగా" అంది. నిజమే, బాపట్ల ఇసుక నేలల్లో తరతరాలుగా మనవాళ్లు తవ్వే దొరువులు ఇవే. ఆవిడ అడక్కుండానే అమ్మకు గిన్నెలో నీళ్లు ఇచ్చింది. భాష రాకపోయినా ఇద్దరూ కాసేపు అలా కూర్చున్నారు.

రోడ్డు చివర అరిచల్‌మునై. 2017లో ఈ రోడ్డు తెరిచారు, అంతకు ముందు ఇసుకలో జీపుల మీద వెళ్లాల్సిందే. అశోకస్తంభం, దాని వెనక నీళ్లు, ఆ నీళ్లకు ముప్పై కిలోమీటర్ల లోపే శ్రీలంక. రామసేతువు మొదలైన చోటు ఇదేనని నమ్మకం. ఇక్కడే నాకు పురోహితుడు గారి మాట గుర్తొచ్చింది. అమ్మకు నాకంటే ముందే గుర్తుంది. కొంగు ముడి విప్పి చిన్న గుడ్డ తీసింది.

మిగతావి తొందరగా చూశాం. గంధమాదనం గుట్ట మీది నుంచి దీవి అంతా కనపడుతుంది. విల్లూండి తీర్థంలో సముద్రం లోపలే మంచినీటి బావి, చిన్న వంతెన మీద నడిచి వెళ్లాలి. కలాం గారి ఇల్లు మసీదు వీధిలో ఉంది, గుడికి నడిచివెళ్లే దూరమే. వాళ్ల నాన్నగారు యాత్రికులను ధనుష్కోటికి పడవలో చేర్చేవారని అక్కడ తెలిసి పిన్ని చాలా సంబరపడింది. పాంబన్ దగ్గర కుందుకాల్‌లో వివేకానందుడి స్మారకం ఉంది. ఆయన అమెరికా నుంచి తిరిగొస్తూ 1897 జనవరిలో ఈ దీవిలోనే మన నేల మీద కాలుపెట్టారు.

తిరుగుదారిలో రామనాథపురం దగ్గర ఒక పూట ఆగి తిరుప్పుల్లాణి, దేవీపట్నం చూడండి, వదలకండి. దేవీపట్నంలో రాముడు ప్రతిష్ఠించాడని చెప్పే నవగ్రహాలు సముద్రంలోనే ఉన్నాయి, తొమ్మిది రాళ్లు. తిరుప్పుల్లాణిలో రాముడు దర్భల మీద పడుకుని ఉంటాడు, సముద్రుడి కోసం ఎదురుచూస్తూ. మంచం లేదు, శేషుడు లేడు, ఉత్త దర్భలు. అమ్మకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చిన విగ్రహం ఇదే. మూడుసార్లు వెనక్కి వెళ్లి చూసొచ్చింది.

ఊరికి వచ్చిన మర్నాడు తాటాకు బుట్టలో తెచ్చిన తాటిబెల్లం చుట్టుపక్కల ఇళ్లకు పంచాం. సాయంత్రం అమ్మ చెంబు తోమింది. ఊడదీసిన మూతిలోంచి ధనుష్కోటి ఇసుక కొద్దికొద్దిగా పోసి, పసుపు గుడ్డ కట్టి, మళ్లీ అదే గూట్లో పెట్టింది. పెట్టే ముందు చెవి దగ్గర ఊపి చూసి, నాకూ ఇచ్చింది. ఇసుక ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారిన చప్పుడు వినపడింది. ప్రయాగకు టికెట్లు మాఘమాసంలో చూడమంది.